స్టీమ్‌పంక్ నవల చేతికి రాగానే నేను అడిగే ప్రశ్న: బొగ్గు ఎవరు వేస్తున్నారు?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. ఏడాదిగా నాలుగైదు స్టీమ్‌పంక్ నవలలు (ఆవిరి యంత్రాల కాలాన్ని ఇవాళ్టి నుంచి మార్చి ఊహించే కథలు) చదివారు, బాగా నచ్చాయి. తెలుగులో వాటి మీద రివ్యూలు రాద్దామని కూర్చుంటే "కథ బాగుంది, ఊహ అద్భుతం, నాలుగు స్టార్లు" దగ్గరే ఆగిపోతున్నారు. పైగా ఇప్పుడు అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి: ఇత్తడి కళ్ళజోళ్ళు, గాలి ఓడలు, పళ్ళచక్రాలు, పొగమంచు కమ్మిన లండన్. దేన్ని పట్టుకుని చదవాలి, దేన్ని పట్టుకుని రాయాలి అన్నది మీ ప్రశ్న.

పదిహేనేళ్ళ పైనుంచీ నేను ఈ నవలలు చదువుతున్నాను, వాటి గురించి రాస్తున్నాను. నా జవాబు ఒక్కటే. నవలలో ఏ యంత్రం కనిపించినా దాని బాయిలర్‌లో బొగ్గు ఎవరు వేస్తున్నారో వెతకండి. దొరికితే దాన్ని పట్టుకుని రాయండి. దొరక్కపోతే, ఎందుకు దొరకలేదో రాయండి.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. మా తాతయ్య కాజీపేటలో స్టీమ్ ఇంజన్ మీద ఫైర్‌మన్‌గా చేశారు. ఆయన ముంజేతుల మీద వెంట్రుకలు ఉండేవి కావు. ఫైర్‌బాక్స్ (బొగ్గు మండే పొయ్యి) తలుపు తీసిన ప్రతిసారీ కొట్టే సెగకి మాడిపోయాయి. "బొగ్గు వేయడమంటే పారతో ఎత్తి లోపల పడేయడం కాదు" అనేవారు. మంట మీద పలచగా, మూలమూలకీ అందేలా వేయాలి. ఒకేచోట కుప్ప పడితే గాలి ఆడదు, నల్లపొగ లేస్తుంది, ప్రెషర్ పడిపోతుంది, డ్రైవర్ వెనక్కి తిరిగి చూస్తాడు. చడావు ఎక్కేటప్పుడు నడుం నిలబెట్టడానికి సందు దొరకదు. అంత పనిలోనూ ఒక కన్ను బాయిలర్‌లో నీటిమట్టం చూపించే గాజు గొట్టం మీదే ఉండాలి. బాయిలర్‌లో నీళ్ళు ఫైర్‌బాక్స్ కప్పు కంటే కిందికి దిగాయంటే ఆ రేకు ఎర్రగా కాలి లొంగిపోతుంది, ఆ తర్వాత ఇంజన్‌లో ఎవరూ మిగలరు.

నేను చదివిన మొట్టమొదటి స్టీమ్‌పంక్ నవలలో హీరో గాలి ఓడ ఎక్కి సముద్రాలు దాటేశాడు. మూడు వందల పేజీల్లో ఒక్కరూ ఒక్క పార బొగ్గు వేయలేదు. పుస్తకం నాకు నచ్చింది, కానీ ఏదో వెలితి. అదేమిటో అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ముందు పేరు సంగతి. 1979లో కె.డబ్ల్యూ. జీటర్, 1983లో టిమ్ పవర్స్, 1986లో జేమ్స్ బ్లేలాక్ 19వ శతాబ్దపు లండన్‌లో జరిగే వింత నవలలు రాశారు. ముగ్గురూ కాలిఫోర్నియా వాళ్ళు, స్నేహితులు. వీటన్నిటినీ కలిపి ఏమని పిలవాలన్న ప్రశ్న వస్తే, 1987లో 'లోకస్' అనే సైన్స్ ఫిక్షన్ పత్రికకి రాసిన ఉత్తరంలో జీటర్ ఈ 'స్టీమ్‌పంక్' మాట వాడాడు. అప్పట్లో ఊపు మీదున్న సైబర్‌పంక్‌ని (కంప్యూటర్ల చుట్టూ తిరిగే సైన్స్ ఫిక్షన్‌ని) చూసి సరదాగా అన్న మాట అది, స్థిరపడిపోయింది. ఆ ముగ్గురూ హెన్రీ మేహ్యూ పుస్తకం నుంచి బాగా తీసుకున్నారన్నది నాకు ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. మేహ్యూ 1840ల చివర్లో, 50ల్లో లండన్ వీధుల్లో తిరిగి చెత్త ఏరుకునేవాళ్ళతో, మురుగు కాలువల్లో వెతుక్కునేవాళ్ళతో, వీధి వ్యాపారులతో మాట్లాడి వాళ్ళ సంపాదనతో సహా రాసిన పాత్రికేయుడు. అంటే ఈ సాహిత్యం పుట్టుకలోనే కూలివాళ్ళున్నారు. కళ్ళజోళ్ళూ కార్సెట్లూ తర్వాత వచ్చాయి.

ఇక బొగ్గు ప్రశ్న ఎలా పనిచేస్తుందో చూపిస్తాను. దానికి రెండు ముఖాలు ఉన్నాయి. ఒకటి ఇంజనీరింగ్, రెండోది మనుషులు.

మీరు మెకానికల్ విద్యార్థి కాబట్టి మొదటిది మీకు సులువు. గాలి ఓడనే తీసుకోండి. ఆవిరితో నడిచే గాలి ఓడ నిజంగానే ఎగిరింది. 1852 సెప్టెంబర్‌లో హెన్రీ జిఫార్ అనే ఫ్రెంచ్ ఇంజనీర్ పారిస్ నుంచి దాదాపు 27 కిలోమీటర్లు ప్రయాణం చేశాడు. ఇంజన్ శక్తి 3 హార్స్‌పవర్. పైన సంచిలో మండే వాయువు, కింద మండుతున్న పొయ్యి! అందుకని నిప్పురవ్వలు పైకి ఎగరకుండా పొగగొట్టాన్ని కిందికి వంచాడు. గాలికి ఎదురు వెళ్ళేంత బలం ఆ ఇంజన్‌కి లేదు, అందుకే బయల్దేరిన చోటికి తిరిగి రాలేకపోయాడు. ఒక ఘనపు మీటరు హైడ్రోజన్ ఎత్తగలిగే బరువు కిలో పైచిలుకే. మనిషి బరువు, బొగ్గు బరువు, నీళ్ళ బరువు కలుపుకుంటే సంచి ఎంత పెద్దదవ్వాలో మీరే లెక్క వేయగలరు. ఇదంతా తెలిసిన రచయిత ఆ వంచిన పొగగొట్టాన్ని కథలోకి తెస్తాడు, దాని పక్కన నిలబడ్డ మనిషి భయాన్ని తెస్తాడు. తెలియని రచయిత ఓడని బొమ్మలా ఎగరేస్తాడు.

స్కాట్ వెస్టర్‌ఫీల్డ్ 'లెవయథన్' (2009) ఈ విషయంలో నాకు చాలా ఇష్టం. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914 కథ. ఒక పక్షానికి ఇంజన్లతో నడిచే ఉక్కు యంత్రాలు, ఇంకో పక్షానికి జన్యువులు కలిపి తయారుచేసిన జంతువులు. ఇందులో గాలి ఓడ ఒక బతికున్న తిమింగలం. దాని పేగుల్లో సూక్ష్మజీవులు హైడ్రోజన్ తయారుచేస్తుంటాయి. వాయువు ఎక్కడైనా లీకవుతోందేమోనని ఓడ మీద వాసన పట్టే జంతువులు తిరుగుతుంటాయి. ఎంత అసాధ్యమైన ఊహ! అయినా నమ్మేస్తాం. ఇంధనం ఎక్కడిది, ప్రమాదం ఎక్కడుంది, దాన్ని కాచుకునేది ఎవరు అన్న మూడు ప్రశ్నలకీ రచయిత దగ్గర సమాధానం ఉంది కాబట్టి. టీనేజ్ పాఠకుల కోసం రాసిన నవలే అయినా, ఈ సాహిత్యం గురించి అడిగిన ఎవరికైనా మొదట దీన్నే చేతిలో పెడతాను.

రెండో ముఖం, మనుషులు. ఇక్కడ నేను ఒకప్పుడు చేసిన పొరపాటు చెప్పాలి. విలియం గిబ్సన్, బ్రూస్ స్టెర్లింగ్ కలిసి రాసిన 'ది డిఫరెన్స్ ఇంజన్' (1990) మొదటిసారి చదివి "కథ అతుకుల బొంత" అని రెండు స్టార్లిచ్చాను. చార్లెస్ బాబేజ్ గురించి నాకు అప్పుడు పేరు తప్ప ఏమీ తెలియదు. ఆయన 1820ల్లో ప్రభుత్వ డబ్బుతో 'డిఫరెన్స్ ఇంజన్' అనే లెక్కల యంత్రం మొదలుపెట్టాడు. 17 వేల పౌండ్ల పైన ఖర్చయ్యాక, పని చేయించే మెకానిక్‌తో తగువులు, ఆలస్యాలు అన్నీ అయ్యాక 1842లో ప్రభుత్వం చేతులెత్తేసింది. ఆ తర్వాత ఆయన గీసిన రెండో డిజైన్‌ని లండన్ సైన్స్ మ్యూజియం వాళ్ళు 1991లో, ఆయన పుట్టిన రెండు వందల ఏళ్ళకి, తయారుచేసి చూశారు. అది పనిచేసింది. ప్రింటర్ భాగం 2002లో పూర్తయింది. మొత్తం 8 వేల విడిభాగాలు, 5 టన్నుల బరువు.

నవలలో ఆ యంత్రం బాబేజ్ కాలంలోనే పనిచేస్తుంది. 1855 నాటికి కవి బైరన్ ప్రధానమంత్రి. ప్రభుత్వం దగ్గర ప్రతి పౌరుడి వివరాలూ రంధ్రాల కార్డుల్లో ఉంటాయి. మొదటి భాగంలో ముఖ్య పాత్ర సిబిల్ జెరార్డ్, యంత్రాల మీద తిరగబడి ఉరికంబం ఎక్కిన కార్మిక నాయకుడి కూతురు. నేను మొదటి చదువులో ఆమెని కథలో ఒక దారిపోయే మనిషిగా చూశాను. రెండోసారి చదివినప్పుడు, ఈ మహా యంత్రాల కింద నలిగినవాళ్ళ గొంతుతో నవల మొదలైందని అర్థమైంది. నా పాత రివ్యూ పక్కన కొత్తది రాసి పెట్టాను, పాతది తీసేయలేదు. మీరూ అలాగే చేయండి. అభిప్రాయం మారితే ఎందుకు మారిందో రాయడం కూడా రివ్యూనే.

ఇప్పుడు మన దేశంలోకి వద్దాం, నాకు చాలా ముఖ్యమైన పుస్తకం దగ్గరికి. జూల్ వెర్న్ 1880లో 'ది స్టీమ్ హౌస్' రాశాడు. 1857 తిరుగుబాటు జరిగి పదేళ్ళు. భూటాన్ రాజు కోసమని బ్యాంక్స్ అనే ఇంజనీర్ ఉక్కుతో ఒక ఏనుగుని తయారుచేశాడు. లోపల ఆవిరి ఇంజన్, తొండంలోంచి పొగ. దాని వెనక చక్రాల మీద రెండు ఇళ్ళు. అందులో ఇంగ్లీషు దొరలు, ఒక ఫ్రెంచ్ మిత్రుడు కలకత్తా నుంచి ఉత్తర భారతం మీదుగా హిమాలయాల వైపు ప్రయాణం కడతారు. వాళ్ళలో కర్నల్ మన్రోకి తిరుగుబాటు నాయకుడు నానాసాహెబ్ మీద తీరని పగ.

నిక్కచ్చిగా మాట్లాడితే ఇది స్టీమ్‌పంక్ కాదు. వెర్న్ తన కాలం గురించి, తన కాలపు యంత్రాలతో రాశాడు. స్టీమ్‌పంక్ అంటే ఆ కాలాన్ని ఇవాళ్టి నుంచి వెనక్కి తిరిగి చూడడం. కానీ ఈ సాహిత్యం వెర్న్ దగ్గర ఎంత అప్పుపడిందో ఆ ఏనుగుని చూస్తే తెలుస్తుంది. మరి ఆ ఏనుగు కడుపులో బొగ్గు ఎవరు వేస్తున్నారు? డ్రైవర్ స్టార్ అనే ఇంగ్లీషువాడు. ఫైర్‌మన్ మాత్రం కాలూత్ అనే భారతీయుడు. రైల్వే కంపెనీలు ఇలాంటివాళ్ళనే ఫైర్‌మన్లుగా పెట్టుకుంటాయని, ఇక్కడి ఎండకి బాయిలర్ సెగ తోడైనా వీళ్ళు తట్టుకోగలరని కథ చెప్పే ఫ్రెంచాయన పరిచయం చేస్తాడు.

ఆ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. మా తాతయ్య ముంజేతులు గుర్తొచ్చాయి. సెగని తట్టుకునే ప్రత్యేకమైన చర్మం ఎవరికీ ఉండదు. వేరే దారి లేక తట్టుకుంటారు. ఆ ఉక్కు ఏనుగు అంటే నాకు ఇప్పటికీ ప్రాణం, తెలుగు పిల్లలు ఆ పుస్తకం చదవాలని కోరుకుంటాను. ఆ ప్రేమనీ ఈ బాధనీ ఒకే రివ్యూలో పెట్టాలి. ఒకదాని కోసం రెండోది దాచకూడదు. అభిమాని రాసే రివ్యూకి అంతకన్నా పెద్ద పని లేదని నా నమ్మకం.

ఇప్పటి రచయితల్లో చాలామంది ఈ ప్రశ్నని ఎదురుగా పెట్టుకునే రాస్తున్నారు. నిసి షాల్ 'ఎవర్‌ఫెయిర్' (2016) బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ సొంత ఆస్తిలా ఏలిన కాంగోలో జరుగుతుంది. రబ్బరు తేలేదని మనుషుల చేతులు నరికించిన పాలన అది, చరిత్రలో నిజంగా జరిగింది. నవలలో ఇంగ్లండ్ సోషలిస్టులు, అమెరికా నల్లజాతి మిషనరీలు అక్కడ భూమి కొని కొత్త దేశం కట్టుకుంటారు. చేతులు పోగొట్టుకున్నవాళ్ళకి అక్కడ లోహపు చేతులు తయారుచేస్తారు. మామూలు స్టీమ్‌పంక్‌లో ఇత్తడి చెయ్యి ఒక అలంకారం. ఇక్కడ దాన్ని చూసిన ప్రతిసారీ అసలు చెయ్యి ఏమైందో గుర్తొస్తుంది. ఒక లోపం కూడా చెప్పాలి. పాత్రలు మరీ ఎక్కువ, కాలం మీద పెద్ద పెద్ద గంతులు. ఎవరు ఎవరో రాసుకుంటూ చదవకపోతే సగంలో దారి తప్పుతారు.

పి. జెలి క్లార్క్ 'ఎ మాస్టర్ ఆఫ్ జిన్' (2021) 1912 నాటి కైరో కథ. జిన్‌లు (అరబ్బు కథల్లోని భూతాల్లాంటివి) మనుషుల ప్రపంచంలోకి వచ్చాక ఈజిప్ట్ బ్రిటిష్‌వాళ్ళని వెళ్ళగొట్టి పెద్ద శక్తిగా ఎదిగింది. ఇందులో లండన్ ఎక్కడో దూరంగా ఉన్న ఊరు. హాయిగా ఉంటుంది. ఫిలిప్ రీవ్ 'మోర్టల్ ఇంజన్స్' (2001)లో చక్రాల మీద తిరిగే లండన్ చిన్న ఊళ్ళని వేటాడి మింగుతుంది. నగరానికి ఏడు అంతస్తులు. పైన పెద్దవాళ్ళు, అడుగున ఇంజన్ల దగ్గర పనివాళ్ళు. బొగ్గు ప్రశ్నని నగరం నమూనాలోనే గీసి పెట్టేశాడు. గెయిల్ క్యారిజర్ 'సోల్‌లెస్' లాంటి టీ కప్పుల సరదా నవలల్ని మాత్రం ఈ ప్రశ్నతో వేధించకండి. నవ్విస్తానని మాటిచ్చిన పుస్తకం నవ్వించిందా లేదా అన్నదే అక్కడ కొలత.

మనవాళ్ళ రచన ఒకటి. రొకేయా సఖావత్ హుసేన్ ఇంగ్లీషులో రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' 1905లో మద్రాసు నుంచి వచ్చే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో అచ్చయింది. ఆడవాళ్ళు ఏలే దేశం, మగవాళ్ళు పరదాలో. ఆ దేశంలో వంటింట్లోకి వెళ్ళిన సుల్తానాకి పొగ కనిపించదు, పొగగొట్టం కనిపించదు, బొగ్గు జాడే లేదు. ఎలా వండుతున్నారని అడిగితే సూర్యుడి వేడితో అంటారు. బ్రిటిష్ రాజ్యంలో బొగ్గు ఇంత పెద్ద విషయంగా ఉన్న రోజుల్లో ఒక బెంగాలీ ముస్లిం స్త్రీ అసలు బొగ్గే లేని లోకాన్ని ఊహించింది. అరగంటలో చదివేయొచ్చు.

ఈ దారిలో ఆలోచించడం అలవాటైతే మన చరిత్రలోనే చీలిక దారులు కనిపిస్తాయి. జిఫార్ ఎగిరిన 1852లోనే ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాటన్ దొర జీవితమంతా రైళ్ళ కన్నా కాలువలూ పడవలూ మేలని వాదించాడు. 1878లో లండన్‌లో పార్లమెంటు కమిటీ ముందు సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. ఆ వాదన నెగ్గి, దేశమంతా కాలువల మీద ఆవిరి పడవలే తిరిగి ఉంటే? తెలుగులో ఎవరైనా ఆ నవల రాస్తే మొదటి రివ్యూ నేనే రాస్తాను. ఆ కాలువలు తవ్విన కూలీలు అందులో ఉన్నారా అని కూడా చూస్తాను.

సరే, రాయడం దగ్గరికి వద్దాం. చెరీ ప్రీస్ట్ నవల 'బోన్‌షేకర్' తీసుకోండి. "బోన్‌షేకర్ అద్భుతమైన స్టీమ్‌పంక్ ప్రపంచాన్ని ఆవిష్కరిస్తుంది" అని మొదలుపెడితే పాఠకుడికి ఏమీ అందదు. నేనైతే ఇలా మొదలుపెడతాను:

"సియాటిల్ నడిబొడ్డు చుట్టూ పెద్ద గోడ. లోపల పసుపుపచ్చ విషవాయువు, పీల్చిన మనిషి చచ్చి లేచి తిరుగుతాడు. అయినా గోడ లోపల నేలమాళిగల్లో కొందరు బతుకుతున్నారు. వాళ్ళు పీల్చే గాలి గోడ పై నుంచి గొట్టాల్లో రావాలి. ఆ పంపుల దగ్గర పగలూ రాత్రీ నిలబడేది చైనా కూలీలు. కొడుకుని వెతుక్కుంటూ ఆ గోడ లోపలికి దిగిన తల్లి బ్రయర్ కథ ఇది. నాకు మాత్రం పుస్తకం మూశాక కూడా ఆ పంపుల చప్పుడు వినిపిస్తూనే ఉంది."

ఇందులో కథ కొంచెమే చెప్పాను, ముగింపు జోలికి పోలేదు. ఒక దృశ్యం చూపించాను, నా మనసు ఎక్కడ ఆగిందో చెప్పాను. ఆ తర్వాత పేరాలో నిజం సంగతి తేవచ్చు. 1889 అగ్నిప్రమాదం తర్వాత సియాటిల్‌లో వీధుల్ని ఎత్తు చేశారు. పాత కింది అంతస్తులు నేలమాళిగలుగా మిగిలిపోయాయి. చెరీ ప్రీస్ట్ (నవల 2009లో వచ్చింది) చరిత్రని ముందుకు జరుపుకుని వాడుకున్న సంగతిని పుస్తకం చివర తనే ఒప్పుకుంది. అలాంటి రచయిత మాట ఉన్న పుస్తకంలో "తేదీలు తప్పు" అని రాసి పరువు పోగొట్టుకోకండి. చివరి పేజీలు కూడా చదవండి.

చదివేటప్పుడు పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. యంత్రం నడిచే పేజీలకి ఒక గుర్తు, ఎవరైనా చేత్తో పనిచేసే పేజీలకి ఇంకో గుర్తు పెట్టండి. రెండో గుర్తులు ఎన్ని పడ్డాయో చూస్తే చాలు, రివ్యూలో సగం దొరికినట్టే.

మాటల విషయంలో టెన్షన్ పడొద్దు. బాయిలర్, పిస్టన్, వాల్వ్, ప్రెషర్ మన మెకానిక్‌లు రోజూ అనే మాటలే, అలాగే ఉంచండి. ఆవిరి, ఇత్తడి, పళ్ళచక్రం ఎలాగూ ఉన్నాయి. స్ప్రింగుతో నడిచే బొమ్మలకి "కీ ఇస్తే నడిచే" అంటే మన ఇళ్ళలో పిల్లలకి కూడా తెలుస్తుంది. 'బాష్పచోదిత' లాంటి మాట రాశారో, మీ పాఠకుడు అక్కడే లేచి వెళ్ళిపోతాడు.

నచ్చని పుస్తకం గురించి కూడా రాయండి, కానీ పూర్తిగా చదివాకే. సగంలో ఆపేస్తే "నూట ఇరవయ్యో పేజీలో ఆపేశాను, కారణం ఇదీ" అని చెప్పి రాయండి. రచయితో ప్రచురణకర్తో ఉచితంగా పంపిన కాపీ అయితే మొదటి లైన్‌లోనే ఆ మాట చెప్పేయండి.

మీ మొదటి రివ్యూకి 'ది స్టీమ్ హౌస్' తీసుకోండి. కాపీరైట్ గడువు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి పాత ఇంగ్లీష్ అనువాదం ఉచితంగానే దొరుకుతుంది, రెండు భాగాలు. కాలూత్ పరిచయమయ్యే పేజీ మడిచి పెట్టుకోండి. అక్కడి నుంచి పుస్తకం అయిపోయేదాకా అతను ఎన్నిసార్లు నోరు విప్పాడో, అతనితో ఎవరెవరు మాట్లాడారో లెక్కపెట్టండి. ఆ లెక్కతోనే రివ్యూ మొదలుపెట్టి నాకు చూపించండి, చదువుతాను.